ఆకు టీ ఎన్నిసార్లు పెట్టినా చేదే వస్తోంది, తప్పు ఆకుదా నాదా?

నీలిమూత అడిగిన ప్రశ్న:

మా వదిన ప్రయాణమవుతూ మూడు డబ్బాలు నా చేతిలో పెట్టి, "వానలు పడేలోపు వాడెయ్, మెత్తబడితే పనికిరావు" అని చెప్పి వెళ్లింది. ఒకటి గ్రీన్ టీ, మూత మీద లాంగ్‌జింగ్ అని ఉంది. ఆకులు ఇస్త్రీ పెట్టె కింద పెట్టి తీసినట్టు చదునుగా ఉన్నాయి. రెండోది డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్. మూడోదాంట్లో తేయాకు లేదు. ఎర్ర రేకులు, చామొమైల్ పూలు, నిమ్మగడ్డి, ఎండు అల్లం ముక్కలు, అతిమధురం పుల్లలు కలిపిన మూలికల డబ్బా.

ఇన్నేళ్లూ నాకు తెలిసింది పొడి టీ ఒక్కటే. గిన్నెలో వేయడం, మరిగించడం, వడకట్టడం. అందుకని వీటితో ఏం చేశానో దాచకుండా చెప్తాను, నవ్వుకోండి గానీ జవాబు కూడా ఇవ్వండి.

గ్రీన్ టీ మొదటిసారి: కెటిల్‌లో నీళ్లు తెర్లించి, పెద్ద కప్పులో ఒక చెంచా ఆకు వేసి పోశాను. ఐదు నిమిషాలు అనుకున్నది ఫోనొచ్చి పది అయింది. ఒక్క గుక్కకే నోరంతా పిడచకట్టుకుపోయింది. రెండోసారి ఆకు సగానికి తగ్గించాను. రంగు రాలేదని ఎనిమిది నిమిషాలు ఉంచాను. ఈసారి ఇంకా అన్యాయం. టీ రుచి లేదు, నాలుక మాత్రం గరుకుగా అయిపోయింది.

డార్జిలింగ్: డబ్బా మీద బ్లాక్ టీ అని ఉంది, కప్పులో చూస్తే గడ్డి రంగు. సరిగ్గా దిగలేదేమోనని పొయ్యి మీద పెట్టి మరిగించాను. రంగు వచ్చింది. తాగలేకపోయాను. పాలు పోశాను. అప్పుడు అది టీయో పాలో తెలియకుండా పోయింది.

మూలికలది: చూడ్డానికి భలే ఎర్రగా దిగింది, పుల్లగా ఉంది. అలవాటు కొద్దీ దీంట్లోనూ పాలు పోశాను. విరిగిపోయి ముక్కలు తేలాయి.

వదినకి ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే ఇదంతా చెప్పాలి. అందుకే ఇక్కడికి వచ్చాను. తప్పు ఎక్కడ?

రెండోకప్పు:

గ్రీన్ టీకి మరిగే నీళ్లు పోయకూడదు. 80 డిగ్రీలు, రెండు నిమిషాలు. బ్లాక్ టీకి మరిగే నీళ్లు, నాలుగు నిమిషాలు. మూలికలకి ఎంతసేపైనా పర్లేదు. పాలు దేంట్లోనూ వద్దు. అయిపోయింది.

పచ్చదోమ:

రెండోకప్పు గారు చెప్పింది తప్పేం కాదు గానీ, అది పాటించినా ఈవిడ రెండో ప్రయోగం లాంటిది మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంటుంది. అందుకని నేను కొంచెం సాగదీస్తాను.

నీలిమూత గారూ, ముందు ఒక్కటి చెప్పండి. మీకు తగిలింది చేదా, వగరా?

విసుక్కోకండి, కిటుకంతా ఇక్కడే ఉంది. కాకరకాయ నమిలితే తెలిసేది చేదు. పచ్చి జామపిందె కొరికినప్పుడు చిగుళ్లు బిగుసుకుని, నాలుక అంగిటికి అతుక్కుపోతుందే, అది వగరు. మీరు శీర్షికలో చేదు అని పెట్టి, లోపల మాత్రం పిడచకట్టడం, గరుకు అని రాశారు. అవి వగరు లక్షణాలు. షడ్రుచుల లెక్కలో చేదుకీ వగరుకీ వేర్వేరు పీటలు వేసిన భాష మనది. టీ దగ్గరికొచ్చేసరికి మాత్రం నోటికి నచ్చనిదంతా చేదు ఖాతాలో రాసేస్తాం.

ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఈ రెంటికీ కారణాలు పూర్తిగా ఒకటి కావు. ఆకులో కాటెకిన్లు అని ఉంటాయి. అవి మన లాలాజలంలోని ప్రోటీన్లని పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. నోట్లో జారుడుతనం పోతుంది, పొడిబారినట్టు అనిపిస్తుంది. అదే వగరు. చేదులో ఈ కాటెకిన్లకీ వాటా ఉంది, కెఫీన్‌కీ ఉంది. ఇవి కాక థియనీన్ అనే అమైనో ఆమ్లం ఒకటుంది. గ్రీన్ టీలో ఆ కమ్మదనం, గుక్క మింగాక వచ్చే తీపి జాడ చాలావరకు దాని చలవే. ఇప్పుడు తమాషా చూడండి. థియనీన్ గోరువెచ్చని నీళ్లకి కూడా సులువుగా దిగుతుంది. కాటెకిన్లు దండిగా దిగాలంటే వేడి కావాలి, టైమూ కావాలి. మీరు తెర్లే నీళ్లు పోసి పది నిమిషాలు వదిలారు కదా, కమ్మదనం మొదట్లోనే దిగిపోయింది, తర్వాత ఎనిమిది నిమిషాలూ వగరు ఊరుతూ కూర్చుంది.

మొదటిసారి మీది ఫోన్ తప్పు, దాన్ని వదిలేద్దాం. నన్ను ఆపింది రెండోసారి చేసిన పని. ఆకు తగ్గించి టైమ్ పెంచారు. అందరూ చేసేది అదే, నేనూ ఏడాది పాటు చేశాను. చిక్కదనం కావాలంటే ఆకు పెంచాలి. టైమ్ పెంచితే వచ్చేది చిక్కదనం కాదు, వగరు. ఆకు తక్కువ వేసి ఎక్కువసేపు నానబెడితే పలచగానూ ఉంటుంది, నోరూ పట్టేస్తుంది. రెండు కష్టాలూ ఒకే కప్పులో.

నేను ఈ పిచ్చిలో పడి తొమ్మిదేళ్లయింది. మొదట్లో ఒకాయన నాకు గ్యోకురో అనే జపాన్ టీ చిటికెడు పొట్లం కట్టి ఇచ్చాడు. దాన్ని కోతకి ముందు 20 రోజుల పాటు నీడ పందిళ్ల కింద పెంచుతారు. ఎండ తగిలితే థియనీన్ కాటెకిన్లుగా మారిపోతుంది, నీడలో ఆ మార్పు తగ్గుతుంది. అంటే వాళ్లు మూడు వారాలు కాపలా కాసి కమ్మదనాన్ని ఆకులో నిలిపారు. నేను బుసలు కొట్టే నీళ్లు పోసి ఎనిమిది నిమిషాల్లో దాని గొంతు నొక్కేశాను. ఆ రోజు నోట్‌బుక్‌లో రుచి గురించి రాసుకున్నది ఒకే మాట: చీపురు. మిగిలిన సగం పొట్లాన్ని ఆరు నెలల తర్వాత 55 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు పెట్టి తాగాను. ఉడకబెట్టిన పచ్చి బఠాణీ నీళ్లలా, చిక్కగా, ఉప్పు వేయకుండానే ఉప్పదనం తోచేట్టు ఉంది. రెండూ ఒకే పొట్లంలోవి అంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఇక మీ పనిలోకి వద్దాం.

చెంచాతో కొలవడం మానండి. నగల తూకం లాంటి చిన్న తక్కెడ ఒకటి దగ్గరుంటే సగం గొడవలు పోతాయి. నా దగ్గరున్న చెంచా ఒకటే. దాంతో తీస్తే లాంగ్‌జింగ్ ఒకటిన్నర గ్రాము తూగింది, గుండ్రంగా చుట్టిన ఊలాంగ్ నాలుగు గ్రాములు తూగింది, మొగ్గలతో దూదిలా ఉండే వైట్ టీ ఒక గ్రాము కూడా లేదు. "ఒక చెంచా" అనే మాటకి అర్థం ఏముంది ఇక? పెద్ద కప్పు అన్నారు, 250 మిల్లీలీటర్లు అనుకుందాం. మీరు మొదటిసారి వేసింది ఒకటిన్నర గ్రాములు, రెండోసారి ముప్పావు గ్రాము. ఆ నీళ్లకి 4 నుంచి 5 గ్రాములు పడాలి. తక్కెడ లేకపోతే కప్పు చిన్నది చేయండి: 150 మిల్లీలీటర్లకి ఆ ఆకు రెండు చెంచాలు.

వేడికి థర్మామీటర్ అక్కర్లేదు. తెర్లిన నీళ్లు మూడు భాగాలు, గది వేడిలో ఉన్న మంచినీళ్లు ఒక భాగం. చన్నీళ్లు 30 డిగ్రీలు అనుకుంటే కలిపాక 82 చిల్లర వస్తుంది. రెండు భాగాలకి ఒకటి కలిపితే 77 దాకా దిగుతుంది. లాంగ్‌జింగ్‌కి ఈ రెంటి మధ్య ఎక్కడున్నా సరే. ఇంకో దారి, ఒక గిన్నెలోంచి ఇంకో చల్లటి గిన్నెలోకి పోస్తే పోసినప్పుడల్లా సుమారు పది డిగ్రీలు తగ్గుతుంది. పింగాణీ అయితే ఇంకాస్త లాగేస్తుంది. నేను మాత్రం సోమరిని, చన్నీళ్లు కలిపేస్తాను.

టైమ్ ఒకటిన్నర నిమిషం నుంచి రెండు. తర్వాత ఆకునీ నీళ్లనీ విడదీయాలి. "దిగిపోయింది కదా, అడుగున ఉంటే ఏం" అనుకోకండి, ఆకు తడిగా ఉన్నంతసేపూ దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. అదే ఆకు మీద రెండోసారి కొంచెం ఎక్కువ వేడి నీళ్లు పోయండి, మూడోసారి ఇంకాస్త టైమ్ ఇవ్వండి. లాంగ్‌జింగ్ మూడుసార్లు నిక్షేపంగా ఇస్తుంది. మంచిదైతే వేయించిన గింజల వాసన తగలాలి. చైనాలో హాంగ్‌ఝౌ దగ్గర ఆ ఆకుని వేడి మూకుట్లో చేత్తో అదుముతూ వేయిస్తారు, మీరు చూసిన ఇస్త్రీ మడత ఆ చేతులదే. జపాన్ వాళ్లు అదే పనిని ఆవిరితో చేస్తారు కాబట్టి వాళ్ల గ్రీన్ టీలో గింజల వాసన బదులు పచ్చి ఆకు, సముద్రపు పాచి వాసన వస్తుంది. ఎవరు చేసినా ఉద్దేశం ఒకటే, ఆకు కోశాక నల్లబడేలా చేసే ఎంజైముని వేడితో చంపడం. చంపకుండా నలిపి వదిలేస్తే బ్లాక్ టీ, సగంలో ఆపితే ఊలాంగ్. చెట్టు ఒకటే.

డార్జిలింగ్ సంగతి. దాన్ని మరిగించారని చదివినప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది, అబద్ధం ఎందుకు. ఫస్ట్ ఫ్లష్ అంటే చలికాలం అంతా నిద్రపోయిన చెట్టు మార్చిలో వేసే మొదటి చిగురు. దాన్ని బాగా ఎక్కువసేపు వాడబెడతారు. ఆకులో తేమ అంతగా పోయాక నలిపినా పూర్తిగా నల్లబడదు. డబ్బాలో చూస్తే పచ్చ ఆకులు కూడా కనబడతాయి, చూడండి కావాలంటే. పేరుకి బ్లాక్ టీ, స్వభావానికి సగం ఊలాంగ్. కాబట్టి గడ్డి రంగే దాని రంగు. రంగు చూసి టీ దిగిందో లేదో తేల్చడం పొడి టీ అలవాటు. పొడి టీ తయారయ్యేదే వేరుగా. ఆకుని పళ్ల రోలర్ల మధ్య నలిపి, చింపి, చుట్టే సీటీసీ యంత్రం 1930లలో అస్సాంలో వచ్చింది. ఆ గుళికల్లో ఆకు కణాలన్నీ పగిలిపోయి ఉంటాయి, క్షణాల్లో రంగూ ఘాటూ కక్కేస్తాయి. పాలలోని కేసిన్ ఆ వగరుని పట్టేసుకుంటుంది, అందుకే ఆ జోడీ కుదిరింది. ఫస్ట్ ఫ్లష్‌లో పాలకి ఎదురు నిలిచే ఘాటు లేదు. మీరు పాలు పోశాక మిగిలింది పాలే.

దానికి 90 డిగ్రీలు, 200 మిల్లీలీటర్లకి 4 గ్రాములు, మూడు నిమిషాలు. మొదటి గుక్క పూల వాసనగా, చివర కాస్త వగరుగా ఉంటుంది. ఆ కాస్త వగరు ఉండాలి, అది లేకపోతే ఫస్ట్ ఫ్లష్ చప్పగా ఉంటుంది. నా ఫిర్యాదు వగరు మీద కాదు, మోతాదు మీద.

నా పేరు గురించి కొందరు అడుగుతుంటారు కాబట్టి చెప్పేస్తాను. మే, జూన్ నెలల్లో వచ్చే సెకండ్ ఫ్లష్‌కి మస్కటెల్ అనే పండు వాసన వస్తుంది, ద్రాక్ష మాగినట్టు. అది రావడానికి ఒక కారణం ఆకు రసం పీల్చే పచ్చదోమ. దోమ కుట్టిన ఆకు తనని తాను కాపాడుకోవడానికి కొన్ని సువాసన పదార్థాలు తయారు చేసుకుంటుంది. తైవాన్‌లో ఓరియంటల్ బ్యూటీ అనే ఊలాంగ్ పూర్తిగా ఈ దోమ మీదే ఆధారపడి బతుకుతోంది. పురుగు మందు కొడితే వాసన పోతుంది. రైతు పురుగుకి దణ్ణం పెట్టే పంట ఇంకోటి నేనెరగను.

మూలికల మీద నాకు పట్టు తక్కువ. వేరుముక్క గారు వస్తే బాగుండు.

వేరుముక్క:

పిలిచారు, వచ్చాను.

నీలిమూత గారూ, మూలికలు "ఎంతసేపైనా పర్లేదు" అన్న మాటని సగమే నమ్మండి. మీ డబ్బాలో ఉన్నవి ఒక జాతివి కావు. చామొమైల్ పువ్వు, నిమ్మగడ్డి ఆకు, అల్లం దుంప, అతిమధురం వేరు. పూలకీ లేత ఆకులకీ వేడి నీళ్లు పోసి మూత పెట్టి దించుకోవాలి, వేర్లకీ బెరడుకీ మరగబెట్టాలి. వైద్య గ్రంథాల్లో వీటికి వేరు వేరు పేర్లే ఉన్నాయి. వేడి నీళ్లలో నానబెట్టి వడకట్టేది ఫాంటం, చన్నీళ్లలో రాత్రంతా నానేసేది హిమం, మరగకాచేది క్వాథం. మనం అన్నిటినీ కలిపి కషాయం అనేస్తున్నాం, అందుకే అన్నిటినీ మరగబెట్టేస్తున్నాం.

అన్నీ కలిపేసిన డబ్బా ఇచ్చినవాళ్ల మీద నాకు కోపమే గానీ, మీరు చేయగలిగింది ఒకటుంది. అల్లం, అతిమధురం పుల్లలు చేత్తో ఏరి, 300 మిల్లీలీటర్ల నీళ్లలో పది నిమిషాలు సన్న సెగ మీద మరగనివ్వండి. పొయ్యి ఆపి, అప్పుడు మిగతావి వేసి మూత పెట్టండి. ఐదారు నిమిషాలు. మూత మాత్రం మరవద్దు. నిమ్మగడ్డి వాసన సిట్రాల్‌ది, అది ఆవిరితో పాటే లేచిపోతుంది. గది అంతా ఘుమఘుమలాడుతోందని మురిసిపోతాం, ఆ ఘుమఘుమ కప్పులో ఉండాల్సింది. మూత తీసేటప్పుడు దాని లోపల అంటిన చుక్కల్ని కప్పులోకే విదిలించండి.

మీ ఎర్ర రేకులు మందార పూలు అనుకుంటారు చాలామంది, ఇంగ్లీషు పేరు హైబిస్కస్ కాబట్టి. అవి గోంగూర జాతి మొక్క కాయ చుట్టూ ఉండే ఎర్రటి దళసరి రక్షకపత్రాలు. పులుపు తెలిసిందిగా? మందార పూలకి ఆ పులుపు ఉండదు. ఆ పులుపే మీ పాలని విరిచింది. ఎరుపు ఆంథోసయనిన్లది. శంఖుపుష్పం నీలం కూడా ఆ కుటుంబమే. శంఖుపుష్పం నీళ్లలో నిమ్మరసం పిండితే నీలం ఊదా అయిపోతుంది. పిల్లలుంటే చూపించండి, రుచి మాత్రం పెద్దగా ఏమీ ఉండదు, పచ్చి చిక్కుడు వాసన. రంగు కోసమే అది.

చామొమైల్‌ని కూడా చామంతి అనేస్తారు. దూరపు చుట్టరికమే గానీ మొక్క వేరు. చామొమైల్ వేసింది యాపిల్ తొక్క వాసన వస్తుంది, చామంతి పూల టీకి ఆకుపసరు కలిసిన తేనె వాసన. చామొమైల్ పది నిమిషాలు దాటితే చేదు ఎక్కుతుంది. పచ్చదోమ గారి పరీక్ష పెట్టినా అది చేదే, వగరు కాదు.

అల్లం పచ్చిదీ ఎండుదీ ఒకటి కాదు. ఎండేటప్పుడు జింజెరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, అది ఇంకా మంట. అందుకే ఎండుది సగం చాలు.

ఒక్కటి మాత్రం నవ్వులాటగా తీసుకోవద్దు. అతిమధురం రోజూ ఎక్కువగా తాగితే ఒంట్లో పొటాషియం తగ్గుతుంది, రక్తపోటు పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు, గుండె మందులు వాడేవాళ్లు ఆ పుల్లలు తీసేయండి. పువ్వుల పుప్పొడి పడనివాళ్లు చామొమైల్‌తో జాగ్రత్త. రోజూ మందులు మింగేవాళ్లు ఏ మూలిక మొదలుపెట్టినా డాక్టరుకి ఒక మాట చెప్పాలి. "సహజమైనది కదా" అంటారు. ఉమ్మెత్త కూడా సహజమైనదే.

రెండోకప్పు:

పచ్చదోమ గారూ, మీరు వేడిని మరీ దెయ్యం చేస్తున్నారు. టీ రుచి చూసే వృత్తి వాళ్లు గ్రీన్ టీకి కూడా మరిగే నీళ్లే పోస్తారు. నేను కళ్లారా చూశాను.

పచ్చదోమ:

పోస్తారు. ఐఎస్ఓ 3103 అని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్లకి 2 గ్రాములు, మరిగే నీళ్లు, 6 నిమిషాలు, తెల్ల పింగాణీ పాత్ర. అయితే అది తాగడానికి పెట్టిన కొలత కాదు, ఆకులో లోపం దాక్కోకుండా బయటికి లాగడానికి పెట్టింది. అందరి సరుకూ ఒకే కొలతలో పడాలి, పోల్చాలి, ఉమ్మెయ్యాలి. వాళ్లు ఉమ్మేస్తారండీ. మనం మింగాలి.

మీ మాటలో ఒక నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఆకు ఎక్కువ వేసి, 100 మిల్లీలీటర్లకి 5, 6 గ్రాములు, మరిగే నీళ్లే పోసి పదిహేను సెకన్లలో వంపేస్తే గ్రీన్ టీ కూడా బాగానే ఉంటుంది. చైనా వాళ్ల చిన్న పాత్రల పద్ధతి అదేగా. వేడి పెరిగితే టైమ్ తగ్గాలి, టైమ్ పెరిగితే వేడి తగ్గాలి. ఆ దారిలో ఆ చివరకి పోతే, లీటరు చన్నీళ్లలో 8 గ్రాములు వేసి ఫ్రిజ్‌లో రాత్రంతా వదిలేయొచ్చు. ఎనిమిది గంటలున్నా వగరెక్కదు, వేడి లేదు కాబట్టి. నీలిమూత గారికి ఫోన్లు ఎక్కువ వస్తున్నాయి, ఆవిడకి ఇదే క్షేమం.

వేరుముక్క:

తేయాకుకి సరే. మూలికలని అలా నేరుగా చన్నీళ్లలో వేయకండి. ఎండబెట్టిన పూలూ వేర్లూ ఎక్కడెక్కడో ఆరబోసినవి. ముందు తెర్లే నీళ్లు పోసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

నీలిమూత:

నాలుగు రోజులు ప్రయోగాలు చేసి వచ్చాను. తక్కెడ దొరకలేదు, చిన్న కప్పు దారి పట్టాను.

మూడు చిన్న కప్పులు వరసగా పెట్టి, ఒకే ఆకు, ఒకే నీళ్లు, మూడుకి ఒకటి లెక్కన చన్నీళ్లు కలిపి, ఒకటి నిమిషానికి, ఒకటి రెండింటికి, ఒకటి ఐదింటికి వడకట్టాను. మొదటిది వేడినీళ్లకి ఎవరో టీ కబురు చెప్పినట్టుంది. రెండోదాంట్లో మీరన్న గింజల వాసన దొరికింది. వేయించిన శనగపప్పు డబ్బా మూత తీసినట్టు. మూడోది తాగి, అద్దంలో నా మొహం చూసుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను, అది వగరే. ఈ వయసులో నాకు ఆ రెంటికీ తేడా తెలియడం మొదలైంది.

డార్జిలింగ్‌లో పచ్చ ఆకులు కనబడ్డాయి. మూడు నిమిషాలు పెట్టాను. బాగుంది అని ఊరుకుంటే మీరు ఒప్పుకోరు కాబట్టి రాస్తున్నాను: తడి గడ్డి, మల్లె కాదు గానీ ఏదో తెల్ల పువ్వు, చివర్లో నాలుక మీద చిన్న గిల్లుడు. కప్పు చల్లారేసరికి పైన నూనె తెట్టు లాంటి పొర కట్టింది. ఏమిటది? ఇంకో ప్రశ్న. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. మొదటి నీళ్లు అర నిమిషం ఉంచి పారబోస్తే కెఫీన్ పోతుందని ఒకచోట చదివాను, నిజమా?

పచ్చదోమ:

తెల్ల పువ్వు! చూశారా, ఇక మీరు మాలో కలిసిపోయారు.

పొర మీ నీళ్లది. నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటే టీలోని పదార్థాలతో గాలి తగిలే చోట కలిసి ఆ తెట్టు కడుతుంది. మీ కెటిల్ అడుగున తెల్ల పెచ్చు ఉండే ఉంటుంది, చూడండి. ఒక నిమ్మచుక్క వేస్తే పొర విడిపోతుంది, అయితే రంగు కూడా వెలిసిపోతుంది, కంగారు పడకండి. ఫిల్టరు నీళ్లు వాడితే కప్పు అద్దంలా ఉంటుంది. నేను ఒకే ఆకుని రెండు రకాల నీళ్లలో పెట్టి చూశాను. బోరు నీళ్ల కప్పు బురదరంగుకి తిరిగి, వాసన దుప్పటి కప్పుకున్నట్టు ఉంది. ఆకు మార్చే ముందు నీళ్లు మార్చి చూడడం నయం.

అర నిమిషం కడిగితే పోయే కెఫీన్ కొద్దిగానే. పోయేది తొలి సువాసన. అంత ఆకు పెట్టుకుని మంచి భాగాన్ని సింక్‌కి తాగించడం ఎందుకు? సాయంత్రం దాటాక వేరుముక్క గారి డబ్బా తెరవండి, చామొమైల్‌లో గానీ అల్లంలో గానీ కెఫీన్ లేదు. ఎర్రగా, ఘాటుగా బ్లాక్ టీ లాంటిదే కావాలంటే దక్షిణాఫ్రికా రూయిబోస్ ఉంది, అది తేయాకు కాదు, కెఫీన్ ఉండదు. పది నిమిషాలు మరిచిపోయినా పెద్దగా వగరెక్కదు. ఫోన్లున్నవాళ్ల టీ.

డబ్బాలు ఎక్కడ పెట్టారు? మసాలా అరలో అయితే ఇప్పుడే లేచి తీసేయండి. తేయాకు పక్కనున్న వాసనని దూదిలా పీల్చుకుంటుంది. ఆ గుణాన్ని వాడుకునే మల్లె టీ చేస్తారు, రాత్రి పూట విచ్చుకునే మల్లెల మధ్య ఆకుని పరిచి, పొద్దున పూలు ఏరేసి, మళ్లీ కొత్త పూలతో. అక్కడ మల్లె, మీ ఇంట్లో ఇంగువ.

నీలిమూత:

ఇంగువ పక్కనే ఉంది. తీశాను. లాంగ్‌జింగ్ డబ్బా మూత గట్టిది, బతికింది. డార్జిలింగ్‌ది వాసన చూస్తే అనుమానంగా ఉంది.

ఇంకోటి. నిన్న ధైర్యం చేసి వదినకి ఫోన్ చేశాను. గ్రాములు, డిగ్రీలు, చేదు, వగరు అన్నీ గడగడా చెప్పేశాను. అంతా విని, "నేను గాజు గ్లాసులో నాలుగు ఆకులు వేసుకుని వడకట్టకుండా పొద్దుణ్నించి అందులోనే నీళ్లు పోసుకుంటూ తాగుతానే" అంది.

పచ్చదోమ:

హాంగ్‌ఝౌలో కూడా ఇలా గ్లాసులో తాగేవాళ్లు చాలామంది. ఆకు తక్కువ, నీళ్లు మరీ వేడిగా ఉండవు, గ్లాసు పూర్తిగా ఖాళీ కాకముందే మళ్లీ పోస్తారు. వగరు పేరుకునే సందు ఉండదు. మీ వదినకి మనందరికంటే ముందే తెలుసు. ఆవిడ నాలుగు ఆకులంటే నిజంగా నాలుగేనా, ఈసారి అడిగి చెప్పండి.